అమరావతి రాతిలో కనిపించే బట్ట, కనిపించని నూలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలేజీలో శాతవాహనుల కాలం నాటకం వేస్తున్నారు. ఆడపాత్రల బట్టల కోసం అమరావతి శిల్పాల ఫొటోలు చూస్తే నడుము పైన బట్టే కనిపించలేదు. మీ బృందంలో ఒకరు "ఆ రోజుల్లో పైన ఏమీ వేసుకునేవాళ్ళు కాదు" అన్నారు, ఇంకొకరు "అది శిల్పి కల్పన, మన ఆడవాళ్ళు నిండుగా కట్టుకునేవాళ్ళు" అన్నారు. ఇందులో ఏది నిజం, ఆ బట్టలు ఎవరు తయారుచేసేవాళ్ళు, ఆడవాళ్ళ చేతిలో సొంత డబ్బు ఉండేదా అని మూడు ప్రశ్నలు వేశారు.

ముప్పై ఏళ్ళుగా వస్త్రాల చరిత్ర పాఠం చెబుతున్నాను. మొదటి ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మిగతా రెండూ అడిగినవాళ్ళు చాలా తక్కువ. నా మనసుకు దగ్గరివి ఆ రెండే. మాది పెడన దగ్గర నేతపని ఇల్లు. నాన్న గుంటమగ్గంలో దిగి కూర్చునే సరికి ఆయన కుడిపక్కన తట్టలో కండెలు, అంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు, సిద్ధంగా ఉండాలి. అవి చుట్టడానికి అమ్మ తెల్లవారుజామునే రాట్నం ముందు కూర్చునేది. పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా పరిచే దారాలకి, గంజి పెట్టేది అమ్మ, తెగిన పోగులు అతికేది అమ్మ. పాసుపుస్తకంలో నేత కార్మికుడుగా ఉన్న పేరు మాత్రం నాన్నది ఒక్కటే. అందుకే ఏ శిల్పం ముందు నిలబడ్డా, ఆ బట్ట నేసిందెవరని అడగడంతో ఆగలేను. నూలు వడికిందెవరని కూడా వెతుక్కుంటాను.

సరే, మొదటి ప్రశ్న. మీ ఇద్దరు స్నేహితుల మాటా సగం సగం నిజం.

ఫొటో వదిలేసి, వీలైతే ఒకసారి చెన్నై ఎగ్మూరు మ్యూజియంకి వెళ్ళండి. నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన గుండ్రటి ఫలకం అక్కడ ఉంది. వీధిలో జనం బెదిరి చెదిరిపోతుంటే ఆడవాళ్ళు మేడ కిటికీల్లోంచి తొంగి చూస్తుంటారు. అలాంటి ఫలకాల్లో ఏ స్త్రీమూర్తినైనా తీసుకుని కింది నుంచి పైకి చూడండి. కాళ్ళకి బరువైన కడియాలు. వాటి పైన, తొడల మీద, సన్నని గీతలు. రెండు కాళ్ళ మధ్య మడతలుగా జారిన కుచ్చు. పైన నాలుగైదు పేటల మొలనూలు. పలనాటి సున్నపురాయి మెత్తన, ఉలికి బాగా లొంగుతుంది. ఆ శిల్పి ముత్యాన్ని ముత్యంగా, మడతను మడతగా చెక్కాడు. బట్ట ఒంటికి అంటుకున్నచోట మాత్రం ఒళ్ళే చెక్కి, బట్ట ఉందని చెప్పడానికి అంచు గీత ఒక్కటి గీసి వదిలేశాడు. ఫొటోలో ఆ గీత కనిపించదు. పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది. కాబట్టి "బట్ట లేదు" అని తేల్చే ముందు గీతలు వెతకాలి.

అయినా నిజం దాచకూడదు. నడుము పైన, చాలా మూర్తుల మీద, ఎంత వెతికినా ఆ గీత కూడా ఉండదు. ఉన్నది హారాలు, దండకడియాలు, కొందరికి భుజం మీంచి జారిన ఉత్తరీయం. అప్పటి కట్టు రెండు బట్టల కట్టు. నడుముకి చుట్టేది అంతరీయం, పైన వేసుకునేది ఉత్తరీయం. పాతకాలంలో మన బడుల్లో వల్లె వేయించిన సంస్కృత పదకోశం అమరకోశంలో ఈ రెండింటికీ పర్యాయపదాలు వరసగా ఉన్నాయి. ఉతికిన బట్టల జతకి ప్రత్యేకంగా "ఉద్గమనీయం" అని ఒక మాటే ఉంది. జత అన్నది ఎంత మామూలు విషయమో ఆ మాట చెబుతోంది. ఉత్తరీయం ఒంటిమీద ఎలా నిలిచేదంటే, పనికి అడ్డమైతే తీసి పక్కన పెట్టేవాళ్ళు, చలేస్తే కప్పుకునేవాళ్ళు, పెద్దల ముందు సర్దుకునేవాళ్ళు. తీసి పెట్టడం సిగ్గు విషయం కాదు.

కుట్టిన రవికలు అసలు లేవా అంటే, ఉన్నాయి. అదే అమరకోశంలో చోళం, కూర్పాసకం అనే మాటలు ఉన్నాయి. శాతవాహనుల నాటి హాలుడి పేరు మీద వచ్చిన ప్రాకృత గాథల్లో పల్లెపడుచులు పండగపూట కుసుంబా రంగు కంచుకమే నగగా వేసుకుని కనిపిస్తారు. అజంతాకి వెళితే ఇంకా స్పష్టం. అది 5వ శతాబ్దపు చిత్రం, రంగులతో సహా నిలిచింది. మొదటి గుహలో మహాజనక జాతకం దగ్గర నాట్యం చేసే అమ్మాయి పొడుగు చేతుల కుట్టు చొక్కా తొడుక్కుంది. పదిహేడో గుహలో అద్దం చూసుకుంటున్న రాణి ఒంటి మీద ఉందా లేదా అన్నంత పలచటి బట్ట, నిండా నగలు. పనికత్తెలకు, నర్తకికి కుట్టిన బట్ట. రాణికి కంటికి ఆనని బట్ట. ఒంటి మీద ఎంత ఎక్కువ కప్పుకుంటే అంత గౌరవం అన్న లెక్క ఆ చిత్రకారుడికి లేదు. అంతస్తు తెలిసేది నూలు సన్నదనంలో.

మనకి ఇది వింతగా తోస్తుంది గానీ మా నాయనమ్మ చచ్చేదాకా రవిక తొడగలేదు. చీరకొంగే నిండుగా చుట్టి బొడ్లో దోపుకునేది. నాకు ఊహ తెలిసేనాటికి మా ఊళ్ళో అలాంటి ముసలమ్మలు పదిమందైనా ఉండేవాళ్ళు. వాళ్ళని తక్కువగా చూసిన మనిషి లేడు. రెండు తరాల వెనకటి మన ఇళ్ళే ఇలా ఉంటే, రెండువేల ఏళ్ళ నాటి రాయిని చూసి సిగ్గుపడటమూ అక్కర్లేదు, దాన్ని సమర్థించడానికి లేని బట్ట తొడగడమూ అక్కర్లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఉంటాను.

ముందు ఒక లెక్క చూడండి. నూరో నంబరు నూలు అంటే ఒక పౌను బరువులో 84,000 గజాల దారం. ఆ నూలుతో అంగుళానికి 72 పోగులు చొప్పున, ఆరు గజాల పొడుగు, 45 అంగుళాల పన్నా ఉన్న చీర నేస్తే, పడుగులో దాదాపు 19,400 గజాలు, పేకలో, అంటే అడ్డంగా నేసే దారంలో, అంతే. మొత్తం దాదాపు 39,000 గజాలు, అంటే 35 కిలోమీటర్ల పైన. విజయవాడ నుంచి గుంటూరు దాకా పరిచినంత దారం. ఇది ఒక్క చీరకి. చదువుకునే రోజుల్లో నేను చేతికదురు మీద, అంటే వేళ్ళతో తిప్పే పుల్ల మీద, వడకడం నేర్చుకున్నాను. నా చేతికి గంటకి 80 గజాలు మించలేదు. చెయ్యి తిరిగినావిడ నాకు రెట్టింపు తీస్తుందనుకున్నా, ఆ చీర నూలుకి 240 గంటల పైన పడుతుంది. రోజుకి ఆరు గంటల చొప్పున నలభై రోజులు. ఇంట్లో మిగతా పని ఆగదు కదా, ఆ ఆరు గంటలు ఎక్కడ దొరుకుతాయో మీరే ఊహించుకోండి.

చేతికదురు అనే ఎందుకంటున్నానంటే, ప్రాచీన కాలానికి రాట్నం లేదు. మన దేశంలో రాట్నం ప్రస్తావన స్పష్టంగా కనిపించే తొలి రచనల్లో ఒకటి 1350లో దక్కనులో రాసిన పారశీక పద్యచరిత్ర. అంటే మొహెంజొదారోలో వెండిపాత్రకి అంటుకుని దొరికిన మంజిష్ఠ రంగు నూలుగుడ్డ నుంచి అజంతా రాణి కట్టిన పలచటి బట్ట దాకా, ఈ దేశంలో నేసిన ప్రతి గజం నూలూ వేళ్ళ మధ్య తిరిగిన కదురు మీదే పుట్టింది. తవ్వకాల్లో మట్టి కదురుబిళ్ళలు కుప్పలుగా దొరుకుతాయి. మ్యూజియంలో అవి ఏ మూల అద్దాల పెట్టెలోనో ఉంటాయి, ఎవరూ ఆగి చూడరు. మీరు ఆగండి.

ఆ కదురు తిప్పిన చేతుల గురించి వివరంగా రాసిన పుస్తకం ఒకటుంది, అర్థశాస్త్రం. 1905లో మైసూరులో తాళపత్రప్రతి దొరికి, 1909లో అచ్చయింది. అందులో సూత్రాధ్యక్షుడు అనే ఉద్యోగి మీద ఒక అధ్యాయం ఉంది. నూలు, ఉన్ని, నార, జనుము, బూరుగుదూది లాంటివి వడికించడం, నేయించడం అతని పని. ఎవరి చేత వడికించాలో జాబితా ఇచ్చారు. భర్త పోయినవాళ్ళు, అవయవలోపం ఉన్నవాళ్ళు, పెళ్ళికాని ఆడపిల్లలు, ఇల్లు వదిలి సన్యసించినవాళ్ళు, జరిమానా కట్టలేక పని చేసి తీర్చేవాళ్ళు, వేశ్యల తల్లులు, ముసలివాళ్ళయిన రాజదాసీలు, గుడికొలువు ముగిసిన దేవదాసీలు. ఈ జాబితా మెల్లగా చదవండి. ఇంటి నీడ లేని ఆడదానికి బతుకుతెరువు నూలే అని అందులో ఉంది.

కూలి రోజు లెక్కన కాదు. నూలు సన్నదా, ముతకదా, నడిమిరకమా అని చూసి, ఎంత వడికిందో చూసి ఇవ్వాలి. బాగా వడికినవాళ్ళకి తలకి నూనె, ఉసిరిక నలుగు బహుమానం. పండగ రోజుల్లో పని చేయిస్తే అదనం. గడప దాటని ఆడవాళ్ళు, భర్త దూరదేశం పోయినవాళ్ళు వడకాలనుకుంటే, ఆ ఉద్యోగి తన దాసీల చేత దూది ఇంటికి పంపి, మర్యాదగా పని ఇప్పించాలి. స్వయంగా సూత్రశాలకి వచ్చేవాళ్ళు తెల్లవారుజామున వస్తారు. నూలు ఇచ్చి కూలి తీసుకుంటారు. అక్కడ దీపం ఉంటుంది. ఎంత దీపం? నూలు పరీక్ష చెయ్యడానికి సరిపడా మాత్రమే. ఆడమనిషి మొహం కేసి చూసినా, పని మాట కాక వేరే మాట మాట్లాడినా ఆ ఉద్యోగికి పూర్వసాహస దండం, అంటే ఆనాటి నాణేల్లో 48 నుంచి 96 పణాలు. కూలి ఇవ్వడం ఆలస్యం చేస్తే మధ్యమసాహస దండం, 200 నుంచి 500 పణాలు. కూలి ఎగ్గొట్టడాన్ని వెకిలిచూపు కంటే పెద్ద నేరంగా లెక్కగట్టారు.

ఇది చదివి కళ్ళు చెమర్చి "ఆహా ఎంత గొప్ప కాలం" అనేయకండి. కూలి ముందుగా తీసుకుని పని చెయ్యని స్త్రీకి అదే అధ్యాయంలో "అంగుష్ఠ సందంశం" శిక్ష రాశారు. బొటనవేలు, చూపుడువేలు జోడు తీసేయడం అని వ్యాఖ్యానిస్తారు. నూలు పోగు మెలితిప్పేది సరిగ్గా ఆ రెండు వేళ్ళే. ఇంకొకటి. అది ఇలా జరగాలని చెప్పిన శాస్త్రం, ఇలాగే జరిగిందని చెప్పే దస్తావేజు కాదు. అయితే మొహం చూస్తే జరిమానా అని రాశారంటే మొహాలు చూస్తున్నారనే, ఆలస్యానికి జరిమానా రాశారంటే కూలి కోసం తిప్పుకుంటున్నారనే. తెల్లవారుజామున ఆ మసక దీపం ముందు చిలప, అంటే వడికిన నూలు చుట్ట, పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి నాకు ఏ శిల్పంలోనూ దొరకలేదు. ఈ నాలుగు వాక్యాల్లోనే దొరికింది.

ఇంటి లోపలి పని చూడాలంటే బౌద్ధ సాహిత్యానికి వెళ్ళాలి. ధమ్మపదం వ్యాఖ్యానంలో ఆళవి ఊరి సాలెవాడి కూతురి కథ ఉంది. పదహారేళ్ళ పిల్ల. బుద్ధుడు ఊళ్ళోకి వచ్చాడని విని వెళ్ళాలనుకుంటుంది. ఈలోగా తండ్రి అంటాడు, "అమ్మా, ఇతరుల బట్ట మగ్గం మీద ఉంది, జానెడు మిగిలింది, ఇవాళ పూర్తి చెయ్యాలి, తొందరగా తసరం చుట్టి పట్టుకురా" అని. తసరం చుట్టడం అంటే మా ఇంటి మాటలో కండె చుట్టడం. పిల్ల ముందు కూర్చుని చుట్టింది. చుట్టిన తట్ట పట్టుకునే దారిలో బుద్ధుడి సభకి వెళ్ళి, ఆయన అడిగిన నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పింది. అక్కడి నుంచి శాలకి వచ్చేసరికి తండ్రి మగ్గం మీదే కునుకు తీస్తున్నాడు. చూసుకోక తట్ట ముందుకి తోసింది. అది మగ్గానికి తగిలి చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి లేచి అలవాటుగా మగ్గం లాగాడు. ఆ కొస వచ్చి పిల్ల గుండెకి తగిలింది. అక్కడే ప్రాణం పోయింది. వ్యాఖ్యాత ఈ కథను మరణచింతన గురించి చెప్పాడు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ తట్ట దగ్గరే ఆగిపోయాను. తండ్రి మగ్గం మీద, కూతురు కండెల దగ్గర. మా ఇంట్లోనూ అదే అమరిక.

అంగుత్తర నికాయంలో నకులమాత అనే ఇల్లాలు ఉంది. భర్త జబ్బుపడి, తను పోతే వీళ్ళ గతేమిటని మథనపడుతుంటే ఆమె ధైర్యం చెబుతుంది. చెప్పిన మొదటి మాటే ఇది: "నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని చిక్కు తీయడం వచ్చు. మీ తరవాత పిల్లల్ని పోషించగలను, ఇల్లు నిలబెట్టగలను. బెంగ పెట్టుకోకండి." ఆ ధైర్యం విని భర్త జబ్బు నయమై లేచాడని కథ. ఆమె ధైర్యానికి ఆధారం చేతిలో ఉన్న పని. కామసూత్రంలో కూడా ఇల్లాలి పనుల్లో పత్తి వడకడం, నూలు నేయడం ఉన్నాయి. వాటితోపాటు ఏడాది ఆదాయం లెక్కకట్టి దానికి తగ్గట్టు ఖర్చు పెట్టడమూ ఉంది. ఆ పుస్తకం పేరు వింటే గుర్తొచ్చే విషయాల్లో ఇది ఉండదు.

ఇక మన తీరం సంగతి. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి యాత్రాగ్రంథంలో తూర్పుతీరాన మసాలియా అనే ప్రాంతం ఉంది. అక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. అది మన కృష్ణా ముఖద్వారం, నేటి మచిలీపట్నం ప్రాంతమని పండితులు గుర్తించారు. అర్థశాస్త్రంలో మేలైన నూలుబట్టల జాబితాలో మధుర, అపరాంతం, కాశి, వంగ లాంటి వాటితో పాటు కళింగం కూడా ఉంది. అమరావతి స్తూపానికి రాళ్ళు నిలిపిన రోజుల్లోనే ఈ తీరం నుంచి బట్ట ఓడలకెక్కింది. రాతి మీద ఆ గీత గీసిన శిల్పి, కళ్ళెదుట రోజూ చూస్తున్న నూలునే గీశాడు.

మూడో ప్రశ్న, డబ్బు.

ముందు నేతగాళ్ళ స్థాయి తెలియాలి. నాసిక్ గుహలో క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడి శాసనం ఉంది. అతను గోవర్ధనంలోని ఒక సాలెల శ్రేణి, అంటే సంఘం, దగ్గర 2,000 కహాపణాలు (ఆనాటి నాణేలు) నూటికి నెలకి ఒకటి చొప్పున పెట్టాడు, అంటే మన రూపాయి వడ్డీ. ఇంకో సాలెల శ్రేణి దగ్గర 1,000 ముప్పావలా వడ్డీకి పెట్టాడు. మొదటి దాని మీద ఏడాదికి 240 వస్తుంది. గుహలో వానాకాలం గడిపే ఇరవై మంది భిక్షువులకి తలా 12, చీవరాల, అంటే వాళ్ళు కట్టుకునే బట్టల, ఖర్చుకి. లెక్క అణా పైసలతో సరిపోతుంది. అసలు ముట్టకూడదు, వడ్డీయే వాడాలని షరతు. రాజబంధువు డబ్బు దాచడానికి నమ్మినది సాలెల సంఘాన్ని. అదే నాసిక్‌లో అతని భార్య దక్షమిత్ర తన పేరు మీద విడిగా ఒక గది దానం చేసి శాసనం వేయించింది. గౌతమీపుత్ర శాతకర్ణి గురించి మనం పాఠాల్లో చదివే పొగడ్త చాలామటుకు అతని తల్లి గౌతమీ బాలశ్రీ తన దానశాసనంలో రాయించినదే.

రాణుల సంగతి అలా ఉంచండి. అమరావతి శాసనాల్లో మామూలు మనుషులు వరసకట్టి ఉన్నారు. ఉపాసికలు, భిక్షుణులు, గృహపతుల భార్యలు, కూతుళ్ళు. తోలుపని చేసే విధికుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చాడు. ఆ పేర్లు చదువుతుంటే ఒక కుటుంబం బండి కట్టుకుని స్తూపానికి వచ్చినట్టే ఉంటుంది. నాగార్జునకొండలో, 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. నాకు అందరిలోకీ ఇష్టమైనావిడ బోధిశ్రీ. ఆమె రాణి కాదు, ఉపాసిక. వీరపురుషదత్తుడి 14వ ఏట తామ్రపర్ణి, అంటే సింహళపు, థేరవాదుల కోసం చైత్యగృహం కట్టించి, అంతకుముందు తను ఏయే ఊళ్ళో ఏమేం కట్టించిందో శాసనంలో వివరంగా రాయించింది. ఆ పట్టికలో కంటకసేల మహాచైత్యం తూర్పువాకిట రాతిమండపం ఉంది. కంటకసేల అంటే మా కృష్ణా జిల్లా ఘంటసాల. చిన్నప్పటి నుంచి బస్సులో దాటిపోయిన ఊరు. నలభయ్యో ఏట ఆ వాక్యం చదివిన రోజు మళ్ళీ బస్సెక్కి దిబ్బ దగ్గర దిగి, తూర్పువైపు చాలాసేపు నిలబడ్డాను.

అయితే ఆ డబ్బు వాళ్ళ సొంతమేనా? ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం ఉంది. అర్థశాస్త్రం దాన్ని రెండుగా చెబుతుంది. ఒకటి జీవనానికి వృత్తి, దీనికి 2,000 పణాలు హద్దు. రెండు ఒంటి మీది నగలు, వీటికి హద్దు లేదు. శిల్పంలో మెడ నిండా, చేతి నిండా కనిపించే నగలను అలంకారంగానే చూస్తాం గానీ, ఆమెకి చట్టం ఒప్పుకున్న ఆస్తి కూడా అవే. బట్టకి గీత ఒక్కటి గీసి సరిపెట్టిన శిల్పి, నగని పేట పేటగా చెక్కడం చూసినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఇక సూత్రశాల దీపం ముందు నిలబడే ఆడవాళ్ళకి నగలూ లేవు, శాసనాల్లో పేరూ లేదు. దానశాసనాల స్త్రీలనీ వాళ్ళనీ కలిపి "ప్రాచీన భారత స్త్రీ" అని ఒకే మనిషిని చెయ్యడం తప్పు. మీ నాటకంలో ఇద్దరూ ఉంటే బాగుంటుంది.

నాటకానికి పనికొచ్చే మాటలు కొన్ని. జరీ అంచులు, మెరిసే సిల్కులు వద్దు. పట్టు లేక కాదు. 473 నాటి మందసోర్ శాసనంలో పట్టుసాలెలు తమ గురించి తామే చెక్కించుకున్నారు, ఎంత వయసూ అందమూ ఉన్నా, ఎన్ని నగలూ పూలూ పెట్టుకున్నా, పట్టుబట్టల జత కట్టనిదే ఆడది ప్రియుడి దగ్గరికి వెళ్ళదని. అక్కడా జతే, గమనించారా. కానీ మీది అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందు కృష్ణాతీరం. నూలే సరి. పలచటి మల్లు, నాలుగు గజాలు, బొడ్డు కింద కట్టి ముందు కుచ్చు వదలండి, దాని మీద పూసల మొలనూలు. పైన రెండున్నర గజాల ఉత్తరీయం. నీలి, మంజిష్ఠ ఎరుపు, కుసుంబా, తెలుపు, ఈ నాలుగు రంగులు చాలు. రవిక సంగతి మీ పిల్లల వీలు చూసి తేల్చుకోండి. గాథల్లో కంచుకం ఉంది కాబట్టి వేయించినా తప్పు చేసినట్టు కాదు. ఒంటిరంగు గుడ్డతో లేనట్టు భ్రమ కలిగించే ప్రయత్నం మాత్రం వద్దు. రంగస్థలం మీద అది ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆ పిల్లలకీ ఇబ్బంది.

రాట్నం పెట్టకండి. ఈ కాలం నాటకాల్లో తరచుగా చూసే పొరపాటు అదే. ఒక పాత్ర చేతికి కదురు ఇవ్వండి. వెదురుపుల్ల, కింద మట్టిబిళ్ళ, అంతే. ఏకులు, అంటే వడకడానికి చుట్టిపెట్టిన దూది, శ్రీకాకుళం జిల్లా పొందూరులో దొరుకుతాయి. అక్కడి ఆడవాళ్ళు ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్ననూలు తీస్తున్నారు. ఆ అమ్మాయిని వారం రోజులు సాధన చెయ్యనివ్వండి. ఎడంచేత్తో ఏకు వదులుగా పట్టుకోవాలి, గట్టిగా నొక్కితే పోగు రాదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య కదురు ఒక్కసారి మెలితిప్పి వదిలి, అది తిరుగుతుండగా ఎడంచెయ్యి మెల్లగా పైకి జరపాలి. మొదటి రెండు రోజులూ పోగు తెగుతూనే ఉంటుంది. మూడో రోజు నుంచి నిలుస్తుంది.